కంపలో మేసే మేకకు ముల్లు గుచ్చుకోదా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కడప జిల్లాలో మెట్ట ఊరు. నిరుడు పద్నాలుగు మేకలు కొన్నాం. ఊరి చుట్టూ ఉన్నదంతా తుమ్మ, రేగు, సర్కారు కంప. వాటిలోనే మేపుతున్నాం. మా అమ్మాయి ఆరో తరగతి. ఒంటె ముళ్లకంప నములుతుంటే నోట్లోంచి రక్తం కారుతుందనీ, ఆ రక్తం రుచినే మేత రుచి అనుకుంటుందనీ ఎవరో ప్రవచనంలో చెబితే విని వచ్చింది. అప్పటినుంచి మన మేకలకూ అంతేనా అని రోజూ అడుగుతోంది, వాటిని కంపలోకి తోలనివ్వడం లేదు. దానికి తోడు నిన్నటి నుంచి ఒక మేక మేత ముట్టడం లేదు, చొంగ కారుస్తోంది. ముల్లు దిగిందేమోనని నాకూ అనుమానంగా ఉంది. ఎండాకాలంలో నాగజెముడు కాల్చి పెట్టవచ్చని పక్కింటి పెద్దాయన అంటున్నారు, నమ్మవచ్చా? సర్కారు తుమ్మకాయలు ఎన్ని తిన్నా ఏమీ కాదంటారు, నిజమేనా?

జవాబు: అమ్మా, చొంగ కార్చే మేక సంగతి ముందు. ఉత్తరం అందిన రోజే మీకు ఫోనులో చెప్పిన మాటలు ఇవి. మరొకరికి పనికొస్తాయని మళ్లీ రాస్తున్నాను.

మేత ముట్టకుండా, మింగలేక, చొంగ కారుస్తున్న జంతువు నోట్లో వట్టి చేయి పెట్టకూడదు. ముల్లు తీద్దామనే ఆత్రంలో చాలామంది చేసే పని అదే. పిచ్చికుక్క కరిచిన మేక కూడా ఒక్కోసారి అచ్చం ఇలాగే, గొంతులో ఏదో అడ్డం పడినట్టే కనిపిస్తుంది. నా ఉద్యోగంలో రేబిస్ సూదులు వేయించుకోమని నేను పంపినవాళ్లలో కుక్క కరిచినవాళ్లు కొందరైతే, పశువు నోట్లో చేయి పెట్టి వెతికినవాళ్లు మరికొందరు. కాబట్టి ఈమధ్య మందలోకి కుక్క ఏదైనా చొరబడిందా అని మొదట గుర్తు చేసుకోవాలి. గిట్టల మధ్య పొక్కులుంటే గాలికుంటు కావచ్చు. జ్వరం, చీమిడి, పారుడు కలిసి వస్తే పీపీఆర్ అనే అంటుజబ్బు కావచ్చు. ఇవేవీ లేకుండా ఒక్క మేక మాత్రమే ఉన్నట్టుండి మేత మానేసి, దవడ ఆడిస్తూ తల విదిలిస్తుంటే నోట్లో ఏదో ఇరుక్కుందని అనుమానించాలి. అప్పుడైనా చేతికి తొడుగు, చేతిలో టార్చిలైటు ఉన్న పశువైద్యుడు చూడవలసిందే.

మీ మేక నోట్లో దొరికింది ముల్లు కాదు, వెదురు బద్ద. అంగిలికి అడ్డంగా, ఇటు దవడ పళ్లకూ అటు దవడ పళ్లకూ మధ్య గట్టిగా బిగుసుకుని ఉందని మీరే చెప్పారు. దొడ్లో మూల పడేసిన పాత గంపను కొరికి ఉంటుంది. ఊరి చుట్టూ అంత ముళ్లకంప పెట్టుకుని, చివరికి దాన్ని ఏడిపించింది ఇంట్లో గంప!

ఇక మీ అమ్మాయి ప్రశ్న. ఆ ఒంటె కథ పాతదే. ఎన్ని దెబ్బలు తగిలినా మనిషి మళ్లీ సంసారంలోకే పోతాడని చెప్పడానికి రామకృష్ణ పరమహంస ఒంటెను చూపించారు. ఉపమానంగా దానికి నేను వంక పెట్టను. ఒంటె పక్షాన మాత్రం ఒక మాట చెప్పాలి. దాని పై పెదవి నడిమికి చీలి ఉంటుంది, రెండు ముక్కలూ రెండు వేళ్లలా విడివిడిగా కదులుతాయి. బుగ్గల లోపలి గోడల నిండా మొనదేలిన కండ మొగ్గలు దట్టంగా ఉంటాయి. వాటి పైపొర మన గోరులాంటి గట్టి పదార్థం. మొనలన్నీ గొంతు వైపు వాలి ఉంటాయి. నోట్లో పడిన ముల్లు నిటారుగా నిలబడి గుచ్చుకునే వీలు తక్కువ. ఈ మొగ్గల మీదుగా పక్కకు ఒరిగి, నములుతున్న ముద్దతో పాటు లోపలికి జారిపోతుంది. ఎప్పుడో ఒకటి చురుక్కుమనదని నేను అనను. కానీ రోజూ నోరు రక్తమయ్యే జంతువు ఎడారిలో ఎన్నాళ్లు బతుకుతుంది చెప్పండి? దాని తాతముత్తాతలంతా ఆ మేత మీదే బతికారు.

మేకకు కూడా బుగ్గల లోపల అలాంటి మొగ్గలున్నాయి, ఒంటెవి ఉన్నంత పెద్దవి కావు. అయితే మేక అసలు బలం నోటి లోపల కాదు, పెదవి చివర ఉంది. మీ అమ్మాయిని వెంటబెట్టుకుని ఒక సాయంత్రం రేగుపొద పక్కన అరగంట కూర్చోండి. రేగుకు కణుపు దగ్గర రెండు ముళ్లుంటాయి, ఒకటి సూటిగా, రెండోది వెనక్కి వంగిన కొక్కెంలా. చీర కొంగు తగులుకుంటే ముందుకు లాగినకొద్దీ దిగేది ఆ రెండోదే. మేక ఆ కొమ్మ దగ్గరికి వచ్చి వెంటనే కొరకదు. పై పెదవితో ముందు తడుముతుంది. మూతి సన్నం కాబట్టి రెండు ముళ్ల మధ్య సందులో దూరుతుంది. మెడ ఒక పక్కకు వంచి, నాలుకతోనూ పెదవితోనూ ఆకును పట్టి, కింది పళ్లకూ పై పంటి చిగురుకూ మధ్య నొక్కి, చటుక్కున తుంచుతుంది. పై దవడకు ముందు పళ్లు లేవు కదా, గట్టిపడిన చిగురే దానికి పీట. ఆకు తర్వాత ఆకు, ఇలా ఒక్కొక్కటే. కొమ్మను నోట్లో పెట్టి దూయడం రేగు దగ్గర చేయదు, చేస్తే ఆ కొక్కేలు ఊరుకోవు. అదే మేక వానలు పడ్డాక తుమ్మ చిగురు దగ్గర ఎలా తింటుందో చూడండి. అప్పుడు ముల్లుతో సహా కొరికేస్తుంది, ఎందుకంటే లేత ముల్లు పచ్చిగా, మెత్తగా, చిక్కుడు ఈనెలా ఉంటుంది. గేదెను తెచ్చి అక్కడ నిలబెట్టండి, దాని వెడల్పాటి మూతితో ఏమీ చేయలేక గడ్డి వెతుక్కుంటూ పోతుంది. అంటే మేక ముళ్లను తినడం లేదు. చాలావరకు ముళ్ల మధ్య ఉన్నదాన్ని ఏరుకుంటోంది.

మరి ముల్లు చెట్టుకు ఎందుకు, దండగేనా అని అమ్మాయి తప్పకుండా అడుగుతుంది. దండగ కాదు. 1986లో దక్షిణాఫ్రికా పరిశోధకులు ఇద్దరు కుడు అనే పెద్ద జింకలూ ఇంపాలా అనే మధ్యరకం జింకలూ మేకలూ ముళ్లచెట్లను ఎలా మేస్తాయో లెక్కగట్టి చూశారు. ముల్లు ఏ జంతువునూ పూర్తిగా తరిమేయలేదు. ఒక్కో కొరుకుడుకు దొరికే ఆకును మాత్రం తగ్గించింది, కొక్కెపు ముళ్లయితే కొరుకుడు వేగాన్నీ తగ్గించాయి. చెట్టుకు కావలసిందీ అంతే. మేక ఒక పొద దగ్గర పది నిమిషాలు శ్రమపడి, విసిగి, పక్క పొదకు పోతే చాలు, ఆకులు కొన్ని మిగులుతాయి. దుకాణంలో షట్టరు సగం దించినట్టు అనుకోండి. బేరం జరుగుతుంది, గుంపు పడదు.

దీన్ని మీ పొలంలోనే కొలిచి చూడవచ్చు. నల్లతుమ్మ మొక్క మోకాలెత్తు ఉన్నప్పుడు ముల్లు వేలంత పొడవుంటుంది. అదే జాతి ముసలి చెట్టు పైకొమ్మలకు ముళ్లు పొట్టిగా, కొన్నిటికి అసలు లేకుండా ఉంటాయి. మేకకు అందని ఎత్తులో కాపలా ఎందుకు? కెన్యాలో జిరాఫీలూ ఏనుగులూ రాకుండా కంచె వేసి ఉంచిన తుమ్మజాతి చెట్లకు కొన్నేళ్లలో కొత్త ముళ్లు పొట్టిగా రావడం మొదలైంది. అమ్మాయికి స్కేలు ఇచ్చి పంపండి, చెప్పులు మాత్రం వేసుకోమనండి.

ముల్లు అసలు హాని చేయదని నేను రాస్తున్నానని అనుకోకండి. మేక నోటికంటే ఎక్కువ దెబ్బ తినేది దాని కాళ్లూ కళ్లూ పొదుగూ. గిట్ట సందులో విరిగిన తుమ్మముల్లు లోపలే ఉండిపోతే చీము పడుతుంది, మేక మూడు కాళ్ల మీద నడుస్తుంది. సాయంత్రం దొడ్లోకి తోలేటప్పుడు కుంటుతున్నదాన్ని అప్పుడే పట్టుకుని ముల్లు తీసి, కడిగి, మందు రాయాలి. లోతుగా దిగితే ధనుర్వాతం సూది గురించి డాక్టరును అడగండి, మేకలకు ఆ జబ్బు వస్తుంది. కంటి నుంచి ఒకవైపే నీరు కారుతూ కన్ను మూసుకుంటుంటే మరునాటికి వాయిదా వేయకూడదు. ఇక పెదవుల మీద గీతలు పడినప్పుడు ఇంకొక బెడద ఉంది. ఆ గీతల్లోంచి ఒక వైరస్ చేరి, మూతి చుట్టూ ఎండిన పెచ్చులు కట్టిన పుండ్లు లేస్తాయి. పాలు తాగే పిల్లలకు వస్తే అవి తాగలేవు, తల్లి పొదుగుకూ అంటిస్తాయి. ఆ పెచ్చులను చేతితో గోకవద్దు, మనిషి వేళ్లకూ ఆ పుండు వస్తుంది. అలాంటి మేకను విడిగా కట్టి, మెత్తని మేత పెట్టండి. చాలావరకు మూడు నాలుగు వారాల్లో మానుతుంది.

ఇవి ఉన్నా, కంపలోకి తోలడం మానమని నేను చెప్పను. మూడు దశాబ్దాలు మేకలకు వైద్యం చేసినవాడిగా నా భయాల పట్టికలో ముల్లు చాలా కింద ఉంటుంది. పైన ఉన్నవాటికి ముళ్లుండవు. వాన ముఖం చాటేసి గిడసబారిన జొన్న పైరును చూడండి, ఎంత పచ్చగా, మెత్తగా, నోరూరించేలా ఉంటుందో. అందులోకి ఆకలి మీదున్న మంద పడితే నాము, అంటే పైరులో పుట్టే సైనైడ్ విషం తగిలి గంటలో కాళ్లు తన్నుకుంటాయి. కంచె పక్కన నాటిన గన్నేరు అంతకన్నా నెమ్మదస్తురాలిలా కనిపిస్తుంది. గుడి ముందు, బడి ముందు, రోడ్డు నడుమ అంతటా గన్నేరే, పూలు కూడా అందంగానే ఉంటాయి. దాని కొమ్మలు కత్తిరించి దొడ్డి పక్కన పారేస్తే నాలుగు వాడిన ఆకులు చాలు ప్రమాదానికి. విషం దాచుకున్న చెట్టుకు ముల్లు పెంచుకునే అవసరం తక్కువ అని నాకు అనిపిస్తుంది. అయితే ఇది చట్టమేమీ కాదు. బలురక్కసికి ఒళ్లంతా ముళ్లే, కోస్తే పసుపుపచ్చని పాలు, లోపల విషం. మేకలు మామూలుగా దాని జోలికి పోవు.

ముల్లూ విషమూ కలిసి ఉన్న మొక్కల మాట వచ్చింది కాబట్టి మీ పక్కింటి పెద్దాయన జెముడు దగ్గరికి వద్దాం. ఆయన చెప్పింది నిజమే, కానీ జెముడు అనే మాట దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. మన ఊళ్లలో జెముడు అంటే ఒకటి కాదు. నాగజెముడు పాము పడగల్లాంటి పలకలు ఒకదాని మీద ఒకటి అతికించినట్టు ఉంటుంది, పసుపుపచ్చ పూలు, ఎర్రటి పండ్లు. మూడు నాలుగు అంచులు తేలిన కాండంతో, ఆ అంచుల్లో ముళ్లతో, చెట్టులా పెరిగేది బొంతజెముడు. పెన్సిళ్ల గుత్తిలా ఉండేది కాడజెముడు. మొదటిది అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క, మిగతా రెండూ పూర్తిగా వేరే కుటుంబం. బ్రహ్మజెముడు అనే పేరును ఒక ఊళ్లో ఒకదానికి, ఇంకో ఊళ్లో ఇంకోదానికి వాడతారు, కాబట్టి పేరును నమ్ముకోవద్దు. కత్తితో చిన్న గాటు పెట్టండి. తెల్లని పాలు కారితే అది మేతకు పనికిరాదు. ఆ పాలు నోటిని పొక్కిస్తాయి, మీ కంట్లో పడితే చూపుకే ప్రమాదం. నీళ్లలాంటి జిగురు మాత్రమే వస్తే అది నాగజెముడు. కాల్చినా ఎండబెట్టినా పాలజెముడు మేతగా మారదు.

నాగజెముడును పశువులకు పెట్టడం కొత్త కాదు. మెక్సికోలో, ట్యునీషియాలో, బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు కరువు సీమలో అది పెద్ద మేత పంట. టెక్సాస్ రైతులు నూరేళ్లకు పైగా బర్నర్లతో ముళ్లు కాల్చి ఆవులకు పెడుతున్నారు. అక్కడే దాని కీడు కూడా చూశారు. పెద్ద ముళ్ల మొదట్లో నూగులాంటి సన్నని ముళ్ల కుచ్చులుంటాయి, కంటికి సరిగా ఆనవు. సరిగా కాల్చని పలకలు తిన్న గొర్రెలూ మేకలూ పెదవుల్లో, నాలుకలో అవి నాటుకుని నోరంతా పుండై మేత మానేస్తాయి. కంపలోని పెద్ద ముల్లును మేక పెదవితో తప్పించుకుంటుంది. ఈ నూగు దానికి తెలియదు, అసలు చిక్కు అక్కడే. కాబట్టి పలకను పొడవాటి పట్టకారుతో పట్టుకుని, మంట మీద రెండు వైపులా, అంచుల వెంబడీ తిప్పాలి. ముళ్లు చిటపటమని రాలిపోయాక ఆపకండి, ముళ్లున్న ప్రతి చుక్కా నల్లబడాలి. చల్లారాక గోనెసంచితో గట్టిగా రుద్ది, ముక్కలు కోసి పెట్టండి. పది కిలోల పలకల్లో దాదాపు తొమ్మిది కిలోలు నీళ్లే, మాంసకృత్తులు చాలా తక్కువ. అది దాహం తీర్చే మేతే తప్ప కడుపు నింపే మేత కాదు. ముందు వేరుశనగ కట్టో జొన్నచొప్పో తినిపించి, ఆ తర్వాత పెద్ద మేకకు రోజుకు రెండు కిలోలు దాటకుండా ఇవ్వండి. పెంటికలు ముద్దగా పడుతున్నాయంటే ఎక్కువైందని గుర్తు.

ఇంతకీ నాగజెముడు మీకు వెతికితే గానీ దొరకకపోవచ్చు. పెద్దాయన చిన్నప్పటి ముచ్చటలో అది ఊరి చుట్టూ గోడలా ఉండి ఉంటుంది, లేదా వాళ్ల నాన్న అలా చెప్పి ఉంటారు. ఏమైందో తెలుసా? ఇక్కడ మేకలు ఓడిన చోట ఒక పురుగు గెలిచింది. 1795లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఎర్రరంగు వ్యాపారం కోసం కోచినీల్ అనే పురుగును బ్రెజిల్ నుంచి తెప్పించారు. మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే డాక్టరు ఆ పురుగు మేతకని జెముడు తోటే పెంచాడు. తీరా వచ్చింది మేలు రకం కాదు, రంగు సరిగా ఇవ్వని మరో జాతి. రంగు రాలేదు గానీ అది ఒక జాతి జెముడును ఊడ్చేసింది. మన నాగజెముడు దానికి లొంగలేదు. 1926లో శ్రీలంక నుంచి ఇంకో జాతి పురుగును మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చి వదిలాక ఇదీ కుప్పకూలింది. పలకల మీద తెల్లని దూది అంటినట్టు కనిపిస్తే వేలితో నలపండి, వేలు కుంకుమ అద్దినట్టవుతుంది. అంత ముల్లు పెట్టుకున్న మొక్క, ముళ్ల సందులో కూర్చుని రసం పీల్చే నలుసంత పురుగును ఏమీ చేయలేకపోయింది.

చివరిది సర్కారు తుమ్మ. మన వైపు దీని మొదటి అడుగులు పడింది మీ జిల్లాలోనే. 1877 ప్రాంతంలో అటవీ శాఖ కమలాపురం దగ్గర దీని విత్తనాలు చల్లించింది. సర్కారు తెచ్చింది కాబట్టే సర్కారు తుమ్మ. దీని ఎత్తుగడ చూడండి. ఆకు చేదు, మేకలు కూడా ముట్టవు. ముల్లు బలమైనది. కాయ మాత్రం బెల్లంలా తీపి. ఆకును కాపాడుకుని, కాయను పంచిపెడుతుంది. మేక కాయ తిని, గట్టి గింజలను పెంటికలతో పాటు మీ చేనులో వేసి వస్తుంది. పక్కనున్న రేగు, నల్లతుమ్మ మొక్కలను మేకలు తినేస్తాయి, దీన్ని వదిలేస్తాయి. మీ ఊరి చుట్టూ కంప అంతగా అల్లుకోవడంలో మీ మేకలకూ వాటా ఉంది.

ఎన్ని కాయలు తిన్నా ఏమీ కాదన్నది తప్పు. ఒక్కసారిగా కడుపునిండా తింటే ఉబ్బరం, అజీర్తి. నెలల తరబడి అదే ముఖ్యమైన మేతైతే ఇంకా పెద్ద ముప్పు. ఆ కాయల్లోని ఆల్కలాయిడ్లు అనే విష పదార్థాలు దవడ కండరాలను ఆడించే నరాలను దెబ్బతీస్తాయి. దవడ వేలాడి, తల పక్కకు వంచి నమలుతూ, చొంగ కారుస్తూ పశువు చిక్కిపోతుంది. బ్రెజిల్‌లో దీన్ని 'కారా తోర్తా', అంటే వంకర ముఖం అంటారు. ఆవుల్లో ఎక్కువ, మేకల్లోనూ వస్తుంది. కెన్యాలో బరింగో సరస్సు పక్కన పశువుల కాపరులు ఈ చెట్టును తెచ్చి నాటించినందుకు ప్రభుత్వం మీద కేసు వేసి, కాయలు తిని పళ్లూడిన మేకను సాక్ష్యంగా కోర్టుకు పట్టుకెళ్లారు. ఆ మేకను చూసి న్యాయమూర్తి ఏమనుకున్నాడో గానీ, నాకు మాత్రం ఆ కాపరుల తెలివి నచ్చింది.

అందుకని కాయల కాలంలో మందను చెట్ల కింద రోజంతా వదలవద్దు. మొత్తం మేతలో కాయలు నాలుగో వంతు దాటనివ్వకండి, మిగతాది ఆకూ చొప్పూ ఉండాలి. రాలిన కాయలను ఏరి, పిండి పట్టించి, తవుడుతో కలిపి పెట్టడం అన్నిటికంటే మేలు. గింజ నలిగిపోతుంది కాబట్టి మేకకు అందులోని మాంసకృత్తులు అందుతాయి, మీ చేనులో మొలకలూ తగ్గుతాయి. కాయను మాత్రం ఎర్రటి ఎండలో నాలుగైదు రోజులు బాగా ఎండనివ్వండి. విరిస్తే పుటుక్కుమనాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే. ఆ తీపి జిగురు మరలోకి పట్టుకుందంటే మిల్లాయన రెండోసారి మిమ్మల్ని గడప తొక్కనివ్వడు.